60 వేల లోపు చిన్న గ్రాంట్లు: డ్వాక్రా, పేట సంఘాలకి ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

#1 పేటవాసి, గుంటూరు

నమస్కారమండీ. మా కాలేజీ బ్యాచ్ వాళ్లం కలిసి ఆరు లక్షలు పోగేస్తున్నాం. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల తొమ్మిది పది చిన్న సంఘాలకి తలా 60 వేల లోపు ఇద్దామని. అప్పు కాదు, తిరిగి అడగం. దృష్టిలో ఉన్నవి ఇవి: ఏటుకూరు రోడ్డు వైపు కారం ఆడించి ప్యాకెట్లు అమ్ముదామనుకుంటున్న డ్వాక్రా సంఘం, సింగ్‌నగర్‌లో 2024 సెప్టెంబరు బుడమేరు వరదకి కుట్టు మిషన్లు పాడైపోయిన ఆడవాళ్లు, కృష్ణలంకలో సాయంత్రంపూట పిల్లలకి చదువు చెప్పే కుర్రాళ్లు (రిజిస్ట్రేషన్ లేదు), మంగళగిరిలో అయిదారు మగ్గాల వాళ్లు.

రిజిస్ట్రేషన్ లేని వాళ్లకి ఇవ్వొచ్చా? డబ్బు ఒక్కసారే ఇవ్వాలా, విడతలుగానా? లెక్కలు ఎంతవరకు అడగాలి? ఒక ఎన్జీవో వాడే 14 పేజీల దరఖాస్తు నమూనా దొరికింది. దాన్నే వాడదామనుకుంటున్నాం.

#2 చిట్టా ఆవర్జా, విజయవాడ

సంఘాల సంగతి తర్వాత. ముందు ఆ ఆరు లక్షల్లో ఎవరి డబ్బు ఉందో చెప్పండి. గుంటూరు, విజయవాడల్లో కాలేజీ బ్యాచ్ అన్నాక సగం మంది అమెరికాలో ఉంటారు.

చూడాల్సింది పాస్‌పోర్టు. ఇండియా పాస్‌పోర్టుతో బయట ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే వస్తుంది, ఓసీఐ కార్డు ఉన్నా సరే. వాళ్లు సెలవులకొచ్చి బెంజ్ సర్కిల్ దగ్గర ఏటీఎంలో రూపాయలు తీసి చేతిలో పెట్టినా అంతే. కరెన్సీని బట్టి కాదు, ఇచ్చిన మనిషిని బట్టి. విదేశీ విరాళం పుచ్చుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్‌కి మామూలుగా మూడేళ్లు పని చేసి ఉండాలి, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. మీరు చెప్పిన నాలుగు గుంపుల్లో ఒక్కటి కూడా ఆ దరిదాపుల్లో ఉండదు.

ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థకి వేసి దాని ద్వారా చిన్న సంఘాలకి పంచుదాం అనుకుంటారేమో. 2020 సవరణకి ముందు, పుచ్చుకునే సంఘానికీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ దారి ఉండేది. సవరణతో విదేశీ విరాళాన్ని ఇంకొకరి ఖాతాకి మళ్లించడం పూర్తిగా ఆగిపోయింది. ఆ సంస్థ తనే మిషను కొని, తనే శిక్షణ ఇచ్చి, తన లెక్కల్లోనే చూపించుకోవాలి.

#3 పేటవాసి, గుంటూరు

ఇద్దరు అక్కడి పౌరులే అండీ. వాళ్ల వాటా 90 వేలు. ఇంకా పంపలేదు.

#4 చిట్టా ఆవర్జా, విజయవాడ

అయితే పంపొద్దని చెప్పండి. ఆ 90 వేలు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థ ఏదైనా సొంతంగా చేసే పనికి నేరుగా ఇచ్చుకోమనండి. మీ ఖాతాలో కలిపితే మొత్తం ఖాతాకే మచ్చ.

రెండోది, మిగతా డబ్బంతా ఒకరి సేవింగ్స్ ఖాతాలో పోగేయకండి. రేపు ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే ఆయనొక్కడే జవాబు చెప్పుకోవాలి. 80జీ ఉన్న స్థానిక సొసైటీ ఏదైనా ఒప్పుకుంటే దాని ద్వారా వెళ్లండి, ఇచ్చినవాళ్లకి పాత పద్ధతి పన్నులో మినహాయింపు కూడా వస్తుంది. నగదుగా 2,000 దాటితే ఆ మినహాయింపు లేదు, అందుకని అందరూ బ్యాంకు ద్వారానే. ఆ సొసైటీ ఆశయాల్లో ఇలాంటి పని రాసి ఉందో లేదో బైలాలో చూసుకోండి. గోశాల కోసం పెట్టిన సొసైటీ ద్వారా కుట్టు మిషన్లు కొంటే ఆడిటర్ ఎర్ర సిరా వాడతాడు.

#5 యానిమేటరమ్మ, తెనాలి వైపు

అన్నా, ఆ 14 పేజీల ఫారం వాడకండి. అందులో "లాజికల్ ఫ్రేమ్‌వర్క్" అనే గడి ఉంటుంది చూడండి, లక్ష్యం, పనులు, ఫలితాలు పట్టికలా రాయమనేది. దాన్ని నింపడానికి సంఘం వాళ్లు ఊళ్లో డిగ్రీ కుర్రాడికో మీసేవ వాడికో డబ్బిచ్చి రాయించుకుంటారు. రాసింది ఒకటి, చేసేది ఒకటి అవుతుంది. తర్వాత మీరొచ్చి ఆ కాగితం చూసి ప్రశ్నలేస్తే వాళ్లకి అందులో ఏముందో తెలియదు, మీకేమో మోసంలా కనిపిస్తుంది.

సంఘం బాగుందో లేదో తెలియాలంటే మినిట్స్ పుస్తకం, పొదుపు పుస్తకం, అప్పుల లెడ్జరు అడగండి. పంచసూత్రాలంటాం కదా: క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపలే అప్పులు, సకాలంలో వసూలు, సరైన పుస్తకాలు. గత ఆరు సమావేశాల సంతకాలు చూడండి. పది నుంచి ఇరవై మంది ఉండే సంఘంలో ప్రతిసారీ అవే నాలుగు సంతకాలుంటే అది నలుగురి సంఘమే. అందరి సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే వాటంలో ఉంటే ఒక్క రాత్రిలో రాసిన పుస్తకం. కొట్టివేతలు, నూనె మరకలు ఉన్న పుస్తకాన్ని నేనైతే ఎక్కువ నమ్ముతాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. సంఘం ఖాతాకే డబ్బు వేస్తానంటారు కదా. ఆ సంఘానికి అదే బ్యాంకులో లింకేజీ అప్పు (సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చే లోను) ఉండి, రెండు మూడు వాయిదాలు తప్పి ఉంటే, మీ గ్రాంటు పడిన రోజే బ్యాంకు దాన్ని అప్పు కింద జమ చేసుకోవచ్చు. ఒకసారి జమయ్యాక వెనక్కి రప్పించడం మేనేజరు చేతిలో కూడా ఉండదు. అందుకని వేసే ముందు లోను పాస్‌బుక్ తెమ్మనండి. వాయిదాలు తప్పి ఉంటే డబ్బు వేయకుండా దుకాణం వాడికి మీరే నేరుగా చెల్లించండి.

#6 కాలవగట్టు, విజయవాడ

పై మాటకి తోడు: రెండేళ్లు ఖాతాదారు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా నిద్రాణంలోకి పోతుంది. చిన్న సంఘాల్లో ఇది మామూలే. ముందు 1 రూపాయి వేసి పడిందో లేదో చూడండి. వాళ్ల చేత కూడా వంద రూపాయలు తీయించి చూడండి, ఎందుకంటే జమ పడినా చెక్కు చెల్లకపోవచ్చు. మొదటి లీడర్ మారి రెండేళ్లయినా బ్యాంకులో పాత లీడర్ సంతకమే ఉంటుంది.

పాత పాస్‌బుక్ మీద ఉన్న ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చూసి వేయకండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది. గుంటూరు కేంద్రంగా ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. సంఘం బీరువాలో పాత పుస్తకమే ఉంటుంది. కొత్త పుస్తకం ప్రింట్ చేయించుకురమ్మనండి.

#7 పేటవాసి, గుంటూరు

కృష్ణలంక కుర్రాళ్ల సంగతి చెప్పండి. సొసైటీ రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే ఇస్తామనాలా?

#8 చిట్టా ఆవర్జా, విజయవాడ

వద్దు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే రిజిస్ట్రేషన్ అవుతుంది, పెద్ద కష్టం కాదు. కష్టమంతా తర్వాతే: ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి పంపడం, ఆడిట్, పాన్, రిటర్ను. 40 వేల గ్రాంటు కోసం రిజిస్టర్ చేయించి రెండేళ్లకి వదిలేసిన సొసైటీలు జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో బీరువాలకొద్దీ ఉంటాయి. మన దేశపు డబ్బు మన దేశపు గుంపుకి ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ ఉండి తీరాలని లేదు. ఉండాల్సింది లెక్క.

వాళ్లకి కావలసింది ఏమిటి? బోర్డు, బెంచీలు, లైట్లు, ఫ్యాను, నోటు పుస్తకాలు. అన్నీ వస్తువులే. డబ్బు చేతికివ్వకుండా వాళ్లు తెచ్చిన కొటేషన్ మీద దుకాణానికి మీరే వేసి, వస్తువు అందినట్టు ముగ్గురి సంతకాలతో రసీదు తీసుకోండి. వస్తువుల మీద చెరిగిపోని పెయింటుతో నంబరు వేయించండి. చదువు చెప్పే చోటు ఎవరిదో కనుక్కోండి. గుడి కమిటీదో కమ్యూనిటీ హాలుదో అయితే వాళ్ల దగ్గర "సాయంత్రం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు వాడుకోవచ్చు" అని ఒక కాగితం. ఇంటి ఓనరు ఖాళీ చేయమంటే బెంచీలు ఎక్కడికి పోతాయో ముందే రాసి పెట్టుకోవాలి.

#9 మిరపకాయ్ బజ్జీ, గుంటూరు

కారం సంఘం గురించి నేను చెబుతా. ఎక్కువగా చెడేది అక్కడే, చెడగొట్టేది కరెంటు.

వ్యాపారి కొటేషన్‌లో 5 హెచ్‌పీ పల్వరైజర్ (కారం ఆడే మిషను) రాసిస్తాడు, లాభం దాంట్లో ఎక్కువ. 5 హెచ్‌పీ అంటే దాదాపు 3.7 కిలోవాట్లు. మూడు ఫేజుల లైను కావాలి. ఇంటికున్నది ఒక్క ఫేజు. మిషను వస్తుంది, మూలన గోనె కప్పుకుని కూర్చుంటుంది. కొత్త కనెక్షనుకి డిపాజిట్, స్తంభం దూరమైతే లైను ఖర్చు, ఇవి బడ్జెట్‌లో ఎవరూ రాయరు. మొదటి ఏడాదికి 2 హెచ్‌పీ సింగిల్ ఫేజు మిషను చాలు. అది కూడా ఇంటి మీటరు మీద నడిపితే తనిఖీలో పట్టుకుంటారు. ఏ కేటగిరీ పడుతుందో సీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడిగి, లోడు పెంచుకున్న రసీదు చూపించాకే మిషనుకి డబ్బు వేయండి.

60 వేలకి లెక్క ఇలా ఉండొచ్చు, ఉదాహరణకి మాత్రమే, మీ కొటేషన్లని బట్టి మార్చుకోండి: మోటారుతో మిషను 32,000. బిగింపు, వైరింగ్, స్టార్టరు 5,500. కాటా 3,500. ప్యాకెట్లు అతికించే సీలింగ్ మిషను 2,500. కవర్లు, లేబుళ్లు 4,000. మొదటి విడత మిర్చి 9,000. రవాణా 1,500. అనుకోని ఖర్చు 2,000. అరవై అయిపోయింది. ముడిసరుకు పద్దు లేకుండా మొత్తం మిషనుకే పెట్టారంటే కాయ కోసం మళ్లీ నూటికి మూడు రూపాయల వడ్డీకి పోతారు.

కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, ధర, ఫిర్యాదు నంబరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ఉండాలి. లేబుళ్లు అయిదు వేలు ఒకేసారి అచ్చేయిస్తారు చౌకని, తర్వాత నంబరు వస్తుంది, అన్నీ వృథా. నంబరు వచ్చాకే ప్రెస్సుకి పొమ్మనండి.

కాయలో తేమ పది పదకొండు శాతం దాటితే జల్లెడ మూసుకుపోతుంది, మిషను వేడెక్కి కారం రంగు తగ్గుతుంది. యార్డు బయట చౌకగా దొరికే తాలుకాయ (రంగు పోయిన నాసిరకం కాయ) కలిపితే కూడా రంగు పోతుంది. తొడిమలు, గింజ, దుమ్ము పోగా 50 కిలోల కాయ 50 కిలోల కారం అవ్వదు. మొదటి విడతలో ఎంత తగ్గిందో తూచి రాసుకుంటేనే ధర కట్టగలరు. ఆ ఒక్క లెక్క తెలియక కిలోకి నష్టం వేసుకుని అమ్మే సంఘాలే ఎక్కువ. గది గురించి కూడా అడగండి: కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను లేని గదిలో కారం ఆడితే పక్కింటివాళ్లు రెండో రోజే గొడవకొస్తారు.

#10 ఏలూరు రోడ్డు, విజయవాడ

డబ్బు మాత్రం మూడు విడతల్లో ఇవ్వాలి. 40, 40, 20. ఆఖరి 20 శాతం లెక్కలన్నీ వచ్చాక. లేకపోతే ఎవరూ బిల్లులు ఇవ్వరు.

#11 యానిమేటరమ్మ, తెనాలి వైపు

ఒప్పుకోనండీ. 60 వేలలో 20 శాతం అంటే 12 వేలు. దుకాణం వాడు బాకీ పెట్టుకోడు కదా. ఆ 12 వేలు సంఘం బయట తెచ్చి సామాను కొని, మీరిచ్చాక తీరుస్తుంది. మధ్యలో మూడు నెలలైతే నూటికి మూడు రూపాయల చొప్పున వెయ్యి ఎనభై వడ్డీ. మీ లెక్కల భయానికి వాళ్లు కట్టే జరిమానా అది. ఆ వడ్డీకి బిల్లు ఉండదు, దాన్ని పూడ్చడానికి వేరే దొంగ బిల్లు పెడతారు. నిజాయితీగా ఉన్నవాళ్ల చేత మొదటి అబద్ధం రాయించేది మీ పద్ధతే.

#12 ఏలూరు రోడ్డు, విజయవాడ

అమ్మా, మాట బాగుంది గానీ మొత్తం ఒకేసారి ఇచ్చి బిల్లులు రాకపోతే ఏం చేస్తారు? మళ్లీ ఇవ్వం అనడం తప్ప ఇంకేముంది?

#13 చిట్టా ఆవర్జా, విజయవాడ

ఇద్దరి మాటలోనూ పాయింటు ఉంది. విడత శాతాన్ని బట్టి కాకుండా పనిని బట్టి పెట్టండి. కారం సంఘానికి రెండు విడతలు: లోడు రసీదు చూపించగానే మిషను, వైరింగ్, కాటా డబ్బు, మిషను తిరిగి, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు వచ్చాక మిర్చి, లేబుళ్ల డబ్బు. రెండో విడత లెక్కల కోసం ఆగదు, పని ముందుకెళ్లినందుకు వస్తుంది. 25 వేల లోపు గ్రాంటైతే విడతలే వద్దు.

బిల్లుల సంగతి. ఒక రోజులో ఒకరికి 10 వేలు దాటి నగదు ఇవ్వొద్దని చెప్పండి, మధ్యలో ఉన్న సొసైటీకి పన్ను లెక్కలో దెబ్బ. 5,000 దాటిన నగదు రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు. బిల్లు ఇవ్వలేని వాళ్లు ఉంటారు: ఆటో అబ్బాయి, కూలి, కాయ అమ్మిన రైతు. వాళ్లకి సంఘం ఓచరు రాసి, పేరు, ఊరు, పని, మొత్తం, సంతకం లేదా వేలిముద్ర తీసుకుంటే చాలు. ఓచరు పుస్తకం మీరే కొనివ్వండి. కొటేషన్లు మూడు కావాలని అడుగుతారు కొందరు. 15 వేల లోపు వస్తువుకి మూడు అడిగితే ఆ ఒక్క దుకాణం వాడే మూడు లెటర్‌హెడ్ల మీద ఇస్తాడు. ఒకటి చాలు, మీరు ఫోన్ చేసి ఇంకో చోట ధర కనుక్కోండి.

#14 కాలవగట్టు, విజయవాడ

సింగ్‌నగర్ కుట్టు మిషన్లకి డబ్బు ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న: మిషను సంఘానిదా, మనిషిదా? ఇది తేల్చకుండా ఇస్తే ఆర్నెల్లలో మిషన్లన్నీ లీడర్ ఇంట్లో ఉంటాయి. అందులో ఆవిడ తప్పు కూడా ఉండక్కర్లేదు, పెట్టుకునే చోటు ఆవిడ ఇంట్లోనే ఉంటుంది మరి. తీర్మానం ఇలా రాయించండి:

"ఈ గ్రాంటుతో కొన్న నాలుగు మిషన్లు సంఘం ఆస్తి. నంబర్లు ఫలానా. ఎవరి ఇంట్లో ఉన్నా సంఘానివే. వాడుకునే సభ్యురాలు నెలకి 150 రూపాయలు మరమ్మతు నిధికి కడుతుంది. సంఘం విడిపోతే మిషన్లు ఎవరికి చెందాలో ఆరోజు హాజరైన వారిలో మూడింట రెండు వంతుల మంది నిర్ణయిస్తారు."

చివరి వాక్యం రాయడానికి అందరూ మొహమాటపడతారు. రాయించండి.

నాలుగు మిషన్ల మీద 150 అంటే ఏడాదికి 7,200. బెల్టు, సూదులు, మోటారు రిపేరు అందులో వెళ్లిపోతాయి. ఇంకోటి, అక్కడ నీళ్లు మళ్లీ రావచ్చు. మోటారు పైకి విప్పి తీసుకెళ్లేలా బిగించమనండి, బల్లకి శాశ్వతంగా కాదు. మినిట్స్ పుస్తకం ప్రతి పేజీ నెలనెలా ఫోన్లో ఫొటో తీసి సంఘం గ్రూపులో పెట్టుకోవాలి. తడిసిన పుస్తకానికి బదులు బ్యాంకు ఆ ఫొటోల్ని ఒప్పుకుంటుందని కాదు, మళ్లీ రాసుకోవడానికి ఆధారం.

#15 మగ్గం గుంట, మంగళగిరి

మా వైపు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేత సంఘానికి నూలు కొనుక్కోమని డబ్బిస్తారు, మంచిదే. కానీ ఆ అయిదారుగురిలో ఎంతమంది మాస్టర్ వీవర్ (నూలిచ్చి కూలికి నేయించుకునే షావుకారు) దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉన్నారో ముందు అడగండి. షావుకారి నూలు, షావుకారి డిజైను, కూలి మాత్రమే తమది అయిన మనిషి సొంత నూలు తెచ్చుకున్న రోజే పాత అడ్వాన్స్ కట్టమంటాడు. అప్పుడు మీ నూలు డబ్బు ఆ బాకీలోకి పోతుంది. అయిదుగురికీ ఒకేసారి వద్దు. బాకీ లేని ఇద్దరితో మొదలుపెట్టి, రెండు పడుగులు నేసి అమ్మాక మిగతావాళ్లని కలపండి.

తేదీ చూసుకోండి. గుంట మగ్గాల్లోకి వానల్లో నీళ్లూరతాయి, నేత ఆగుతుంది. జులైలో నూలు డబ్బిస్తే అది బియ్యం, స్కూలు ఫీజుల్లోకి వెళ్తుంది, తప్పు పట్టలేం. వానలు వెనకబట్టాక ఇచ్చి, సంక్రాంతి, పెళ్లిళ్ల అమ్మకాలకి చీర తయారయ్యేలా చూడండి. బడ్జెట్‌లో ఆసుపోత (నూలుని నేతకి సిద్ధం చేసే పని), అద్దకం కూలి వేరే పద్దుగా ఉండాలి, చాలామంది నూలు ఒక్కటే రాస్తారు.

#16 ఏలూరు రోడ్డు, విజయవాడ

సంఘం వాటా ఎంత పెట్టించాలి? పది శాతం నగదు కట్టించమని అందరూ అంటారు.

#17 యానిమేటరమ్మ, తెనాలి వైపు

నగదే అనకండి. పది శాతం రొక్కం అనగానే కట్టలేని ఇద్దరు ముగ్గురు సంఘంలోంచి మెల్లగా తప్పుకుంటారు, మీకు తెలియను కూడా తెలియదు. గది ఇవ్వడం, తొడిమలు తీయడం, సామాను మోయడం, వీటికి రోజుకూలి కట్టి వాటా కింద రాయండి. పుస్తకంలో పేరుపేరునా రాయాలి, "అందరూ పనిచేశారు" అని కాదు.

కారం సంఘం వాళ్లని వెలుగు సీసీ (డ్వాక్రా సంఘాలని చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటరు) దగ్గరికి కూడా పంపండి. పీఎంఎఫ్ఎంఈ అని 2020లో వచ్చిన కేంద్ర పథకంలో ఆహార తయారీ చేసే డ్వాక్రా సభ్యులకి తలకి 40 వేల దాకా మూలధనం రాశారు. అది సమాఖ్యకి గ్రాంటుగా వచ్చి, సభ్యులకి అప్పుగా వెళ్తుంది. ఇప్పుడు నిధులున్నాయో లేదో ఆవిడ చెబుతుంది. మీ గ్రాంటు దానికి ముందుమెట్టు అయితే బాగుంటుంది. అదే మిషనుకి రెండు చోట్లా బిల్లు పెట్టకుండా చూసుకోండి.

#18 మిరపకాయ్ బజ్జీ, గుంటూరు

ప్రపంచ స్థాయిలో జీఈఎఫ్ (ప్రపంచ పర్యావరణ నిధి) స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్ అని 1992 నుంచి ఉంది, ఎక్కువగా ఐక్యరాజ్యసమితి వాళ్ల యూఎన్‌డీపీ నడుపుతూ వచ్చింది. వాళ్ల "చిన్న" గ్రాంటు గరిష్ఠం చాలాకాలం 50 వేల డాలర్లు. మన 60 వేల రూపాయలకి వాళ్ల ఫారాలు అడిగితే ఎలా? అక్కడ కూడా చదువు రానివాళ్లు వీడియోలోనో ఫొటోలతోనో తమ ప్రతిపాదన చెప్పుకునే వీలు పెట్టారు. మీరు వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఒప్పుకోవచ్చు.

#19 పేటవాసి, గుంటూరు

అందరికీ ధన్యవాదాలండీ. 90 వేలు ఆపేశాం. మిగిలింది 5,10,000. అందులో 4,30,000 గ్రాంట్లకి, 80 వేలు పక్కన: ఎనిమిది సంఘాలకి మూడేసి సార్లు వెళ్లిరావడానికి 15,000, పుస్తకాలు రాయడం మీద రెండు రోజుల శిక్షణకి 15,000, మధ్యలో మిషను చెడితే వాడటానికి 40,000, ఆడిటర్‌కి 10,000.

14 పేజీలు పక్కన పెట్టి ఒక్క పేజీ చేశాం. ప్రశ్నలు: మీరెవరు, ఎంతమంది. ఏం చేద్దామనుకుంటున్నారు. ఏమేం కొంటారు, ఎంతకి. ఆ వస్తువు ఎవరిది, ఎక్కడ ఉంటుంది. చెడితే ఎవరు బాగుచేయిస్తారు. బ్యాంకు అప్పు వాయిదాలు ఎంతవరకు కట్టారు. మీ వాటా ఏమిటి. ఎంతమందికి లబ్ధి చేకూరుతుంది. రాయలేకపోతే వాయిస్ మెసేజ్ పంపొచ్చు.

#20 యానిమేటరమ్మ, తెనాలి వైపు

ఆఖరి ప్రశ్న తీసేయండి అన్నా. అది పెడితే పదిమంది ఉన్న సంఘం అయిదొందలని రాస్తుంది. దాని బదులు ఇది పెట్టండి: "నెలలో మీరు ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఎవరింట్లో కూర్చుంటారు?" మీరు మొదటిసారి వెళ్లేది ఆ తేదీకే వెళ్లండి, ముందు ఫోన్ చేయకుండా.